గూడబాతు వెనకాల దోనె

నాగసుధ తీసిన గూడబాతు ఫొటోని కైకలూరులో మెచ్చుకోనివాళ్లు లేరు. కాకపోతే మెచ్చుకున్న ప్రతివాళ్లూ చివర్లో "అయితే..." అని ఓ ముక్క తగిలించేవాళ్లు. అక్కడే ఆ పిల్లకి ఒళ్లు మండేది.

మరి ఫొటో అలాంటిది. రెక్కలు రెండూ బార చాపి, కాళ్లు ముందుకు తన్ని, నీళ్లను చీల్చుకుంటూ దిగుతోంది ఆ సంచిముక్కు గూడబాతు. ఒక్కో నీటిబొట్టూ లెక్కపెట్టుకోవచ్చు. దాని వెనకాల మాత్రం ఓ దోనె. దోనెలో నారింజరంగు చీర కట్టుకున్న ఒకావిడ, ఆవిడ పక్కన నీలంరంగు ప్లాస్టిక్ డ్రమ్ము. ఎవరు చూసినా కన్ను ముందు చీర మీద పడుతుంది, తర్వాత డ్రమ్ము మీద. పాపం, గూడబాతుది మూడో నంబరు.

ఏటా చలికాలంలో కొల్లేటి గట్టు మీద పక్షుల పండగ జరుగుతుంది. గట్టు మొదట్లో లారీ అంత బోర్డు కట్టి, ఏడాదికి ఒకే ఒక్క ఫొటో పెడతారు. ఆ బోర్డెక్కాలని నాగసుధ పంతం. కిందటేడు పంపితే ఎంపిక చేసే పెద్దల్లో ఒకాయన, "పక్షి బానే ఉందమ్మా, వెనకాలంతా సంత. ఈ పని నీవల్ల ఏమవుతుందిలే, బైనాక్యులర్ పెట్టుకుని చూసి ఆనందించు" అన్నాడట. ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. ఈసారి బోర్డెక్కకపోతే కెమెరా ముట్టనని మా అందరి ముందూ ఒట్టేసింది.

మా మాస్టారి పేరు మస్తాన్‌వలీ గారు. ఊళ్లో అందరికీ స్టూడియో సాయిబు గారు. ఫిల్ము రోజుల్లో నెగెటివ్ మీద సన్నపెన్సిలుతో మొటిమలు మాయం చేసిన చెయ్యి అది. పక్షుల ఫొటోలు తీసేవాళ్లకి ఆయన మాటంటే వేదవాక్కు. నాగసుధలాగే నేనూ ఆయన శిష్యుణ్ణే, కాకపోతే పెళ్లి ఫొటోల బాపతు.

రేపు మధ్యాహ్నంలోగా ఫొటో పంపాలనగా, నాగసుధ స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుని డ్రమ్ము తుడిచేసింది. దోనె తుడిచేసింది. ఆవిణ్ణీ తుడిచేసింది. కాలరు లేదు గానీ ఉంటే ఎగరేసేదే.

"మాస్టారూ, చూడండి. ఇప్పుడు అనమనండి సంతని!"

మాస్టారు కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"అమ్మాయ్, నీళ్లలో ఈ నారింజరంగు చీర ఎవరిది?"

నాగసుధ తెరకి మొహం ఆనించి చూసింది. మనిషిని తీసేసింది గానీ నీళ్లలో ఆవిడ ప్రతిబింబం అలాగే ఉంది! నేను ఆపుకోలేక కిసుక్కున నవ్వాను. ఆ పిల్ల చూసిన చూపుకి నా నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

మళ్లీ కూర్చుంది. ప్రతిబింబం తుడిస్తే నీళ్లు అతుకులబొంతలా తయారయ్యాయి. అతుకులు సర్దబోతే గూడబాతు కాళ్ల దగ్గర లేచిన నీటితుంపర పోయింది. విసుగొచ్చి, ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినట్టు, వెనకాలున్నదంతా పీకేసి నున్నటి ఆకుపచ్చరంగు పోసేసింది. ఇక వంక పెట్టడానికి ఏమీ లేదు.

మాస్టారు మళ్లీ వంగి చూశారు.

"పక్షి బాగుంది" అన్నారు. "ఎక్కడ దిగుతోంది?"

ఆ పిల్ల ఇంక పట్టలేకపోయింది. "ఉంచితే సంతంటారు, తీసేస్తే ఎక్కడ దిగుతోందంటారు! నన్నేం చేయమంటారు మాస్టారూ? ఇంకో ఫొటో తీద్దామంటే ఆ పక్షి మళ్లీ వచ్చి నాకోసం దిగుతుందా?" కళ్లనీళ్లు బొటబొటా రాలాయి. ఇందాక నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

మాస్టారు ఏదో చెప్పబోయేంతలో బయట హారన్ మోగింది. ఆటో వీర్రాజు. కొత్త బండి కొన్నాడు. బంతిపూల దండలూ నిమ్మకాయలూ కట్టించి తిన్నగా స్టూడియోకే తెచ్చాడు. "సాయిబు గారూ, నాకూ బండికీ కలిపి ఒక ఫొటో! హాల్లో గోడకి పెట్టేది."

"నువ్వే తియ్యి" అన్నారు మాస్టారు నాగసుధతో.

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని బయటికొచ్చింది. మిట్టమధ్యాహ్నం. బండి అద్దం మీదా పసుపురంగు మీదా పడ్డ ఎండ కళ్లలో పొడుస్తోంది. దాని ముందు వీర్రాజు మొహం బొగ్గుముక్కలా ఉంది. ఎటు జరిపి తీసినా అంతే.

"నిన్నొక్కణ్ణే తీస్తానన్నా. వెనకాల మంచి సీనరీ ఏదైనా పెట్టేస్తాను" అంది, విసుగ్గా.

వీర్రాజు మండిపడ్డాడు. "బాగుందమ్మా వరస! బండి లేకుండా నా మొహం ఎవడిక్కావాలి? మా ఆవిడ రోజూ చూస్తూనే ఉందిగా!"

మాస్టారు మెట్లు దిగి వెళ్లి ఆటో హ్యాండిల్ పట్టుకున్నారు. వీర్రాజు కంగారుగా, "అయ్యో, మీరెందుకండీ!" అంటూ తనూ చెయ్యేశాడు. ఇద్దరూ కలిసి బండిని వెనక్కి, పక్క కిరాణాకొట్టు రేకుల పందిరి కిందికి నెట్టారు. మాస్టారు తిరిగొచ్చి వీర్రాజుని భుజాలు పట్టుకుని మునుపు నుంచున్న చోటే నిలబెట్టి, మొహం కాస్త వెలుగువైపు తిప్పారు.

"ఇప్పుడు చూడు" అన్నారు.

నాగసుధ కెమెరాలోంచి చూసింది. బండి ఎక్కడికీ పోలేదు. దండలతో సహా అక్కడే ఉంది, నీడలో పెళ్లికొడుకు వెనక తోడిపెళ్లికొడుకులా అణకువగా. వీర్రాజు మొహం మాత్రం చేటంతై వెలుగుతోంది.

క్లిక్ మనిపించింది. కానీ కెమెరా దించలేదు. అలాగే కంటికి ఆనించుకుని ఉండిపోయింది.

"అయిపోయిందా అమ్మా?" అన్నాడు వీర్రాజు.

"అయిపోయిందన్నా, అయిపోయింది!" అంటూ ఒక్క పరుగున లోపలికొచ్చి కంప్యూటరు ముందు పడింది. చేసిందంతా అవతల పారేసి, మొదటి ఫొటోనే మళ్లీ తెరిచింది. పక్షిని ముట్టుకోలేదు. దాని వెనకాలున్నదాని మీద వెలుగు తగ్గించింది. నారింజ చీరలో మంట చల్లార్చింది, నీలం డ్రమ్ముని మబ్బురంగులోకి దించింది. నీళ్లలోని ప్రతిబింబానికీ సరిగ్గా అంతే తగ్గించింది. దోనె అంచుల్ని ఓ పిసరు మెత్తబరిచింది. మధ్యమధ్యలో కుర్చీ వెనక్కి జరిపి, కళ్లు చికిలించి చూసుకుంటోంది. నేను టీ తెచ్చి పెడితే అది మీగడ కట్టి అలాగే ఉండిపోయింది.

ఈసారి మాస్టారిని పిలవలేదు. ఆయనే వచ్చి వెనకాల నిలబడ్డారు. గూడబాతు రెక్కలు తెల్లగా, ధాటిగా తెరుచుకుని ఉన్నాయి. దోనె ఉంది, ఆవిడ ఉంది, కొల్లేరు ఉంది. అందరూ ఆ పక్షికి దారిచ్చి నిలబడ్డట్టున్నారు.

ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు. ఇక వంక లేదని దానర్థం, మాకు తెలుసు. నేను ఈలేశాను.

పండగరోజు బోర్డు మీది గుడ్డ లాగేశారు. మా నాగసుధ గూడబాతే! మేమంతా గొంతులు పోయేలా అరిచాం. వీర్రాజు జనం మధ్యలోంచే ఆటో హారన్ వాయించాడు. కిందటేడు బైనాక్యులర్ సలహా ఇచ్చిన పెద్దాయనే స్టేజీ మీద ఆ పిల్ల చేతిలో షీల్డు పెట్టి, "ఏమేం తీసేశావమ్మా ఇందులో?" అని మెల్లగా అడిగాడు.

"ఏమీ తీయలేదండీ" అంది నాగసుధ, మైకులో వినబడేలా.

చప్పట్లతో గట్టు దద్దరిల్లిపోయింది. ఆ పిల్ల నేల మీద నడవడం లేదు. షీల్డు గుండెకి హత్తుకుని జనాన్ని తోసుకుంటూ మాస్టారి దగ్గరికి వచ్చి, ఆయన చేతుల్లో పెట్టింది.

ఆయన దాని వంక చూడనే లేదు. ఆమె భుజం పట్టుకుని బోర్డు వైపు తిప్పారు.

బోర్డు ముందు ఎవరో ముసలమ్మ, ఏ లంకగ్రామం నుంచి వచ్చిందో, తల ఎత్తి ఆ గూడబాతునే చూస్తోంది. చూస్తూ చూస్తూ, గబుక్కున ఓ అడుగు వెనక్కేసి, నీళ్లు చిందుతాయేమోనని చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుంది.

"నీ బహుమతి అదిగో" అన్నారు మాస్టారు.