గిట్టల చప్పుడు తీర్పు

అనగనగా ఒక అడవిలో రెండు రాజ్యాలు ఉండేవి. నేల మీద దుప్పులది, చెట్ల మీద కొండముచ్చులది. తాతల నాటి పొత్తు వాళ్లది. కొండముచ్చులు లేత చిగుళ్లు కిందికి రాల్చేవి. పులి కనబడితే పైనుంచి అరిచేవి. పులి వాసన తగిలితే దుప్పులు కూత పెట్టేవి. అలా రెండూ బతికాయి.

ఒకరోజు ఒక కొండముచ్చు చేయి జారి వెలగకాయ ఒక దుప్పిపిల్ల పక్కన పడింది. ఆ మాట వాగు దగ్గరికి చేరేసరికి కాయ పిల్ల వీపున పడిందన్నారు. గడ్డిబీడు చేరేసరికి నడుం విరిగిందన్నారు. సాయంత్రానికి పిల్లను చంపేశారన్నారు. ఆ పిల్లేమో తల్లి దగ్గర పాలు తాగుతోంది. ఎవరైనా వెళ్లి చూశారా? చూడలేదు.

దుప్పుల పెద్ద కొమ్ములరాయుడు సభ పెట్టాడు. కొండముచ్చులతో పొత్తు తెంచేద్దామా అని అడిగాడు. సరేనన్నవాళ్లు ముందుకాలి గిట్టతో నేలను కొట్టడం అక్కడి ఆచారం. ఒకరు కొట్టారు. పక్కవాళ్లు కొట్టారు. నేల అదిరిపోయింది.

చుక్కాలు అనే తల్లి దుప్పికి మనసొప్పలేదు. దాని పసికూన పొదలో పడుకుని ఉంది. పైనుంచి కాపు కాసేది కొండముచ్చులే.

"ఏం వదినా, కోతులతో వియ్యమందుతున్నావా?" అంది పక్క దుప్పి.

అందరూ నవ్వారు. చుక్కాలు కూడా కాలెత్తి కొట్టింది.

చెట్ల మీంచి అంతా విన్న కొండముచ్చులు వాగు దాటి వెళ్లిపోయాయి.

మర్నాడు పొద్దున వాగు అవతల నుంచి వాటి అరుపు వినబడింది. వెళ్లగొట్టినా అరిచాయి, పిల్లలూ! చుక్కాలు పొద వైపు పరుగెత్తబోయింది. శత్రువు అరుపుకి ఉలిక్కిపడి పరువు తీయొద్దని మంద అడ్డం నిలబడింది. చుక్కాలు ఆగింది. అంతలోనే పొదలోంచి చిన్న కేక.

వెళ్లి చూస్తే నలిగిన గడ్డి ఉంది. కూన లేదు.

చుక్కాలుకి ఏడుపు కూడా రాలేదు. తిరిగొచ్చి, ఎగతాళి చేసిన దుప్పిని నిలదీసింది. పొత్తు తెగాలని నీకెందుకనిపించిందని అడిగింది.

"నాకనిపించలేదు వదినా. పక్కవాళ్లు కొట్టారని కొట్టాను."

ఆ పక్కవాళ్లదీ అదే మాట. ఒక్కొక్కరినే అడుగుతూ చుక్కాలు కొమ్ములరాయుడి దాకా వచ్చింది.

"నాకు మాత్రం వాళ్ల మీద పగేముంది? మీరంతా కోరుకుంటున్నారనుకున్నాను," అన్నాడతను.

మందంతా కొయ్యబారిపోయింది. అంతమంది కలిసి చేసిన పనిని అందులో ఒక్కరూ కోరుకోలేదు.

మరి నువ్వెందుకు కొట్టావని చుక్కాలును ఎవరూ అడగలేదు. అడిగితే, అందరూ నవ్వారని కొట్టానని చెప్పాలి.

నీతి: పొరుగువాడు మిత్రుడో శత్రువో నీ కళ్లతో చూసి తేల్చుకో. పక్కవాడి కాలు లేచిందని నీ కాలు లేపితే, పోయేది నీ ఇంటి దీపమే.