జగ్గమ్మ కూర్చున్న గంప

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నోట్లో వక్క నానకుండా రాయైపోవాలి. సముద్రాలు ఏడే, ఎనిమిదని నేననలేదు. కోడిపెట్ట ఏనుగంత కూడా కాదు, ఏనుగుపిల్లంత. అంత నికార్సైన కథ ఇది. నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళి ముసుగుతన్ని పడుకోవచ్చు.

ముత్యాలదుర్గాన్ని ఏలే రాజుగారొకాయన ఉండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దభద్రుడు, నడిమిభద్రుడు, చినభద్రుడు. కోటలో పెత్తనం రాజుగారిది. కోట పెరట్లో పెత్తనం మాత్రం జగ్గమ్మది.

జగ్గమ్మంటే బూడిదరంగు పెట్ట. పందెం కోళ్ళ జాతి. నిటారు మెడ, పొడుగు కాళ్ళు, సేనాపతి చూపు. ఆవిడ ఎదురొస్తే పట్టపుటేనుగు గోడకి అతుక్కుని దారిచ్చేది. గద్దలు ఆ కోట మీదుగా ఎగరాల్సొస్తే పక్క రాజ్యం చుట్టూ తిరిగి పోయేవి. గుడ్లంటారా, బుద్ధి పుట్టినప్పుడు పెట్టేది. ఓ గుప్పెడు గుడ్లు పోగయ్యాక ఇక చాలనుకుని వాటిమీద కూర్చునేది. కూర్చుందంటే కూర్చున్నట్టే. ఒకసారి కోటకి నిప్పంటుకుంటే, మంటలే విసిగి ఆరిపోయాయి గానీ ఆవిడ లేవలేదు.

అలా ఉండగా ఏడు సముద్రాల అవతల్నుంచి ధూమ్రజటుడనే మాంత్రికుడు రాజులందరికీ తెల్లకోళ్ళని కానుక పంపాడు. అవి రోజుకో గుడ్డు పెడతాయి. పోట్లాడవు. పెట్టిన గుడ్డు వంక తిరిగైనా చూడవు. రాజుగారు మురిసిపోయాడు. కోటలో గుడ్లు గుట్టలు పడ్డాయి, ఒక్క పిల్ల మాత్రం తిరగలేదు. అది ఎవరికీ పట్టలేదు. పైగా మాంత్రికుడి మాట విని రాజుగారు చాటింపు వేయించాడు: పొదుగుతామని మూడేసి వారాలు తిని కూర్చునే పెట్టలన్నిటినీ కూర వండెయ్యాలని.

జగ్గమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"తిని కూర్చోవడమా? పొదిగేటప్పుడు రోజుకోసారి లేచి నాలుగు గింజలు మింగి, గుడ్లు చల్లారకముందే పరిగెత్తుకొస్తాను. పొద్దస్తమానం సింహాసనం మీద కూర్చుంటాడు గదా ఈయన, ఇన్నేళ్ళలో ఏం పొదిగాడో చెప్పమను" అంది, వంటశాల ముందే నిలబడి.

ఇలా మండిపడ్డది ఆవిడొక్కతే కాదు. చినభద్రుడికి నిశ్చయమైన పిల్ల, పొరుగు రాజుగారి కూతురు మందారవల్లి, పిల్లల్ని చెయ్యని కోళ్ళు నాకొద్దని తెల్లకోళ్ళని తిప్పి పంపేసింది. ధూమ్రజటుడు ఆ కోపంతో పిల్లని ఎత్తుకుపోయాడు.

పెద్దభద్రుడు కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిమిభద్రుడు సమ్మెట పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. చినభద్రుడు బయల్దేరేనాడు, ప్రయాణపు విందుకని వంటవాడు కత్తి నూరుకుంటూ జగ్గమ్మ దగ్గరికొచ్చాడు. చినభద్రుడు చూశాడు. ఆవిడని చంకనెత్తుకుని, ఉన్నవాడు ఉన్నట్టే పరుగు.

ఏనుగుపిల్లంత పెట్ట చంకలో ఎలా పట్టిందని అడక్కండి. పట్టింది.

"విందు పోయింది, పచ్చడి మెతుకులైనా తెచ్చావా చినబాబూ?" అంది జగ్గమ్మ.

"నిన్ను తెచ్చుకున్నాను కదత్తా."

"నన్ను తింటావా?"

"రామరామ."

"మరైతే నడు."

మొదటి సముద్రం దగ్గర ఒక ముసలి తాబేలు వీపు మీద ఎక్కించుకుంది. రెండో సముద్రంలో మొసలి అడ్డొస్తే, జగ్గమ్మ దాని నెత్తిన ఒక్కటి పొడిచింది. అది తోక ముడిచి, మూడో సముద్రం దాకా తానే దిగబెట్టింది. ఏడో సముద్రం చేరేసరికి ఆవిడ గొంతు వినగానే తిమింగలం ఒడ్డుకొచ్చి వీపు తుడుచుకుని నిలబడింది. దారిలో జగ్గమ్మ ఒక్కో సముద్రంలో ఒక్కో గుడ్డు పెట్టింది. దాచుకోను చోటు లేక అవన్నీ నీళ్ళపాలయ్యాయి. దీవి చేరేసరికి ఆవిడకి ఒళ్ళు కాగిపోతోంది, రెక్కలు జారిపోతున్నాయి, ఎవరు పలకరించినా కుర్రుకుర్రుమంటోంది.

"పొదిగే బుద్ధి ఇప్పుడా పుట్టేది అత్తా?" అన్నాడు చినభద్రుడు, బిక్కమొహం వేసి.

"నన్నడుగుతావేం? నేనేమన్నా ముహూర్తం పెట్టుకున్నానా? ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. అంతే."

దీవి నిండా తెల్లకోళ్ళే. వాటి మధ్య కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే, సమ్మెట దించినవాడు దించినట్టే, అన్నలిద్దరూ రాళ్ళై నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందొక గంప. గంపలో ఒకే ఒక్క గుడ్డు. ఆ పక్కనే మందారవల్లి, గుడ్లు ఏరి ఏరి నడుం పట్టేసి, ఒంగి నిలబడి ఉంది.

"ఏవండీ, దాన్ని కొట్టకండి. కత్తికి పగల్లేదు, సమ్మెటకీ పగల్లేదు" అంది. "రోజూ గుడ్లన్నీ ఏరమంటాడు, ఆ ఒక్కటీ వదిలెయ్యమంటాడు."

"వదలాలి మరి" అంది జగ్గమ్మ. "గంపలో ఒకటుంచితేనే పెట్ట మళ్ళీ అక్కడికొచ్చి పెట్టేది. మా పెరట్లోనూ అంతే."

"అందరూ అలాగే అనుకోవాలని అతగాడి ఎత్తు, పిన్నీ. అది కోడిగుడ్డు కాదు, అతని ప్రాణం. నిద్రలో పలవరిస్తుంటే విన్నాను. ఇనుముకీ రాయికీ లొంగదు. పెట్ట వెచ్చదనం మూడు వారాలు తగిల్తే మాత్రం అతని పని అయిపోతుంది. తెల్లకోళ్ళు చచ్చినా పొదగవు కదా. అందుకే వాటి మధ్య పెట్టి, లోకంలో పొదిగే పెట్టలన్నిటినీ కూర వండిస్తున్నాడు."

జగ్గమ్మ ఆ గుడ్డు వంక చూసింది. ఎంతమంది అక్కచెల్లెళ్ళు, ఎన్ని పులుసులు. ఈ పిరికివాడి ఒక్క గుడ్డు కోసమా? ఈకలన్నీ నిక్కబొడుచుకుని గుమ్మటమంత అయింది. గంపెక్కింది. గుడ్డుని ముక్కుతో పొట్టకిందికి లాక్కుంది. కూర్చుంది.

ధూమ్రజటుడు ఉరుములా ఊడిపడ్డాడు. ఆవిడ చినభద్రుణ్ణి ఒక రెక్క కింద, మందారవల్లిని ఇంకో రెక్క కింద దాచేసింది.

మొదటి వారం మాంత్రికుడు రాయి చేస్తానని బెదిరించాడు.

"చెయ్యి" అంది జగ్గమ్మ. "నా కిందున్నదీ రాయవుతుంది. ఆపైన నువ్వు."

ఎత్తిన చెయ్యి దించేశాడు.

రెండో వారం, పొదుగు మాన్పించడానికి పెట్టల్ని చన్నీళ్ళలో ముంచుతారు గదా, అలా ముంచుదామని చెరువంత గంగాళం తెచ్చాడు. కిందకి చెయ్యి పెట్టబోతే ఆవిడ ముక్కుతో అతని చిటికెన వేలు పట్టుకుని విసిరింది. గంగాళంలో మునిగింది ఆయనే. లేచేసరికి గడ్డం సగం పొట్టయిపోయింది, గొంతు సన్నబడింది.

మూడో వారం బతిమాలాడు. ముత్యాలు పోశాడు, వడ్లు పోశాడు.

"నీకెందుకమ్మా ఈ కష్టం? రోజూ గుడ్డు కూడా పెట్టలేని దానివి."

"పెట్టడం నా ఇష్టం" అంది జగ్గమ్మ. "లేవకపోవడం కూడా నా ఇష్టమే. జరుగు, గాలాడ్డం లేదు."

చివరికి ఒక ఉదయం గుడ్డు లోపల్నుంచి టిక్కుమంది. ధూమ్రజటుడి అంగీ గాలిపోయిన తిత్తిలా నేలకి జారింది. పెంకు పగిలింది. తడితడిగా, నెత్తిన చిన్న జడల పిలకతో ఒక కోడిపిల్ల బయటికొచ్చి, జగ్గమ్మ మొహంలోకి చూసి, "అమ్మా" అంది.

జగ్గమ్మ దాన్ని పైనుంచి కిందిదాకా చూసింది. పొడుద్దామనే ముక్కెత్తింది. పిల్ల చలికి వణుకుతోంది.

"అమ్మా లేదు, గిమ్మా లేదు. ముందు మా పిల్లల్ని లేపు. ఆ తర్వాత రెక్క కిందికి రా" అంది.

పిల్ల కీచుమని కూసింది. రాళ్ళు కదిలాయి. పెద్దభద్రుడు ఆవలించాడు. నడిమిభద్రుడు సమ్మెట కాలిమీద వేసుకుని కుంటసాగాడు.

అందరూ ఇంటికొచ్చారు. రాజుగారు బంగారు గంప పట్టుకుని ఎదురొస్తే, జగ్గమ్మ దాన్ని కాలితో తన్ని, "ఇది చల్లగా ఉంటుంది. చాటింపు రద్దు చేసి, గడ్డి వేయించు" అంది. ఆయన రెండూ చేశాడు. చినభద్రుడికీ మందారవల్లికీ పెళ్ళయింది. ఆకాశంలో నక్షత్రాలు కూడా భోజనానికి దిగాయి. వాళ్ళు రాజ్యం ఏలినన్నాళ్ళూ తెల్లకోళ్ళు గుడ్లు పెట్టాయి, జగ్గమ్మ జాతి పొదిగింది, కోట పెరట్లో కాలు పెట్టను చోటు లేకపోయింది. జడల పిలక పిల్ల మాత్రం పుంజై ఎదిగినా, అమ్మ అనుమతి లేందే కూత కూసేది కాదు.

సరే, విన్నది చాలు. లే. మంచం కింద గంపలో మన ఎర్రపెట్ట పొద్దుట్నుంచి మెతుకు ముట్టలేదు. దాని ముందు గుప్పెడు నూకలు, చిప్పతో నీళ్ళు పెట్టి రా. కిందకి చెయ్యి మాత్రం పోనివ్వకు.