పైడయ్య సాక్ష్యం

"తాళమేసిన తలుపు తట్టిందెవరే తంగేడుపువ్వా..." అని చిన్నప్పుడు పాడుకునేవాళ్లం. తర్వాతి చరణం గుర్తు రావడం లేదు.

మా ఊరి దొర కారు మామూలుది, తాళంచెవి తిప్పితేనే తలుపు తెరుచుకునేది. మెకానిక్ గవరయ్య దానికి రిమోట్ తాళం బిగించాడు. మీట నొక్కితే నాలుగు తలుపుల తాళాలూ టక్కుమని పడతాయి, మళ్లీ నొక్కితే లేస్తాయి. ఏం వింతో! దొర మురిసిపోయాడు. ఆ కారు పెట్టుకోవడానికి గవరయ్య షెడ్డే కావాలనిపించింది ఆయనకి. మేమంతా వింటుండగానే అన్నాడు:

"చచ్చిపోయిన మీ నాన్న పైడయ్య ఈ జాగా నాకు అమ్మేశాడురా. ఖాళీ చెయ్యి."

గవరయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "కొత్త తాళం అబద్ధానికి ఆగదు దొరా, లేచిపోతుంది."

టక్. పక్కనే దొర తాళమేసి నిలిపిన ఖాళీ కారు తాళాలు లేచాయి.

దొర గబగబా మళ్లీ తాళం వేశాడు. "అబద్ధమైతే ఆ పైడయ్యనే వచ్చి చెప్పమను."

గాలి ఆగిపోయింది.

టక్.

దొర కారు అక్కడే వదిలేసి నడిచి వెళ్లిపోయాడు. జాగా ఊసు మళ్లీ ఎత్తలేదు.

అందరూ వెళ్లాక గవరయ్యని అడిగాను.

"ఆ తాళానికి రెండు రిమోట్లు వస్తాయి పిన్నమ్మా," అన్నాడు మెల్లగా. "రెండోది ఇంకా దొరకి ఇవ్వలేదు, నా గుప్పిట్లోనే ఉంది. మొదటిసారి నొక్కింది నేనే. రెండోసారి నేనింకా నొక్కలేదు."