తాడు రెండో కొస

ఎడారి అంచున ఉన్న ఆ క్రైస్తవ మఠంలో అతిథుల గది చూసుకునే పని బేసాది. పరదేశి రూపంలో ప్రభువే గడప తొక్కుతాడని అక్కడివారి నమ్మకం. బేసా ఆ మాటను మరీ గట్టిగా పట్టుకున్నాడు. వచ్చినవాళ్ల కాళ్లు తానే కడిగేవాడు, తన దుప్పటే పరిచేవాడు, వాళ్లు తింటున్నంతసేపూ చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడేవాడు. నీళ్ల చెంబు కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇంత చేసినా ఏ అతిథీ రెండో రోజు నిలిచిన పాపాన పోలేదు. తెల్లారగానే దండం పెట్టి దారి పట్టేవారు.

ఆ వేసవిలో యోనా అనే ముసలాయన వచ్చాడు. గాడిదల మీద సరుకులు తోలి బతికినవాడు. అరికాలు చీలి చీము పట్టింది. తర్వాతి ఊరికి మూడు రోజుల నడక. అయినా మర్నాడే కర్ర అందుకున్నాడు.

"ఆ కాలితో పోతే దారిలోనే పడిపోతావు తాతా, ఉండిపో" అని బేసా బతిమాలాడు.

"ఇక్కడ ఏ లోటూ లేదు బాబూ. వెళ్లొస్తా" అన్నాడు యోనా, తల ఎత్తకుండా.

బేసాకు ఏడుపొచ్చింది. గురువు హద్రా దగ్గరికి పరిగెత్తాడు.

"తండ్రీ, నా సేవలో లోపమేమిటో చెప్పండి. ముసలాయన చావుకు ఎదురెళ్తున్నాడు."

ఖర్జూరపు నారతో తాడు పేనుతున్న హద్రా ఆ నార తీసుకుని లేచి, అతిథుల గది గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాడు.

"పెద్దాయనా, ఈ కొస కాస్త పట్టుకుంటావా? నా ఒక్కడి వల్ల కావడం లేదు."

యోనా కర్ర పక్కన పెట్టి కూర్చున్నాడు. అతిథి చేత పనా! బేసా కొస లాక్కోబోయాడు. గురువు కళ్లతోనే వారించాడు.

కాసేపటికి యోనా గొంతు లేచింది. "ఇదేం పేనడమయ్యా! పురి వదులైపోతోంది. దీంతో మూట కడితే నా గాడిదలే నవ్వుతాయి. ఇటివ్వు."

హద్రా బుద్ధిగా ఇచ్చేశాడు. నలభై ఏళ్లుగా తాళ్లు పేనుతున్న మనిషి, రెండో కొస పట్టుకుని, చెప్పినట్టల్లా తిప్పుతూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం బేసా రొట్టె, పప్పు తెచ్చిపెట్టి, అలవాటు చొప్పున చేతులు కట్టుకున్నాడు. యోనా ఒక ముక్క నోట పెట్టి ముఖం చిట్లించాడు.

"ఏం బాబూ, ఇందులో ఉప్పు వేశావా లేదా? రేపు నేను వండుతాను, చూద్దువుగాని."

బేసా తెల్లబోయాడు. ఇన్నేళ్లలో అతని వంటకు వంక పెట్టిన అతిథి లేడు. దిక్కుతోచక గురువు వైపు చూశాడు.

హద్రా నవ్వు ఆపుకోలేకపోయాడు. "కూర్చో నాయనా. నీ చుట్టం ఇప్పుడే వచ్చాడు."

బేసా కట్టుకున్న చేతులు విప్పాడు. యోనా పక్కనే చతికిలబడి, అదే గిన్నెలో రొట్టె ముంచుకు తిన్నాడు. ఎందుకో అతనికి చెప్పలేనంత సంతోషం వేసింది.

"నిజమే తాతా, చప్పగానే ఉంది" అన్నాడు. "రేపు పొయ్యి నీదే."