కదలని ఇంజను కూత

సామర్లకోట రైల్వే కాలనీలో అచ్యుతం అనే గడియారాల మెకానిక్కు ఉండేవాడు. చేతిలో మంచి పనితనం ఉన్నా, పైకి కనబడని చోట మాత్రం ఒళ్ళు వంచేవాడు కాదు.

"ఎవరు విప్పి చూస్తారు?" అన్నది అతని ఊతపదం.

పాత పొగబండి ఇంజన్ల బొమ్మలు చెయ్యడం అతనికి సరదా. రేకుతోనూ ఇత్తడి ముక్కలతోనూ మూరెడు పొడుగు ఇంజను ఒకటి చేశాడు. దానికి మోటారు, లైట్ల తీగలు బావమరిది ముకుందం అమర్చాడు. ముకుందం ఇంట్లోనే రేడియోలు బాగుచేసేవాడు. ఒక కొట్టు పెట్టుకోవాలని అతని కోరిక. రిటైరైన డ్రైవరు సాల్మన్‌గారు తన ఇంటి ముందుగది ఇస్తానని మాట కూడా ఇచ్చారు.

ఆ ఏడు రైల్వే క్లబ్బులో పాత డ్రైవర్లకు సన్మానం, రెండు రోజుల ప్రదర్శన పెట్టారు. అచ్యుతాన్ని తన బొమ్మ ఇంజను తెమ్మన్నారు. దానికి చుక్‌చుక్ చప్పుడు, కూత, పొయ్యిలో మంట వెలుగు కూడా ఉంటే బాగుంటుందని అచ్యుతం అనుకున్నాడు.

"బావా, చక్రానికి చిన్న అయస్కాంతం అంటిద్దాం," అన్నాడు ముకుందం. "చక్రం తిరిగితేనే చప్పుడు వచ్చేట్టు చేస్తాను. బండి నెమ్మదిస్తే చప్పుడూ నెమ్మదిస్తుంది. ఆగితే ఆగుతుంది. పొయ్యిలో దీపం కూడా దానితోపాటే ఎగసి తగ్గుతుంది."

"ఎన్నాళ్ళ పని?"

"చక్రాలన్నీ విప్పాలి. వారం పడుతుంది."

"వారమా! రికార్డు చేసిన చప్పుడు ఒకటి పెట్టేసి, ఎర్ర బల్బు వెలిగించేస్తే సరి. ఎవరు విప్పి చూస్తారు?"

"విప్పక్కర్లేదు బావా, చెవులుంటే చాలు. నీ పెళ్ళి బ్యాండులో ఆ బూరావాడు ఊదకుండా బుగ్గలు పొంగించినట్టుంటుంది."

"ఆ బ్యాండు కుదిర్చింది మీ నాన్నేరా!" అని అచ్యుతం నవ్వి కొట్టిపారేశాడు. అచ్యుతం ఆ పూటకే పని కానిచ్చేశాడు.

మొదటిరోజు హాలంతా నిండిపోయింది. ముందు దీపం వేసుకుని, పొయ్యి ఎర్రగా వెలిగిస్తూ, కూత వేసుకుంటూ ఇంజను పట్టాల మీద గుండ్రంగా తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఇదంతా నా చేతి పనే," అన్నాడు అచ్యుతం అందరికీ వినబడేలా. "ఒక్క మేకు కూడా ఇంకొకరు కొట్టలేదు." వెనకే నిలబడిన ముకుందం ఆ మాట విని, వంగి తీగలు సర్దుకున్నాడు.

సాల్మన్‌గారు మెడలో దండతో వంగి చూస్తుండగా ఒక బంతిపువ్వు రాలి పట్టా మీద పడింది. ఇంజను దానికి తగులుకుని ఆగిపోయింది. చక్రాలు నిలిచిపోయాయి. చప్పుడు మాత్రం ఆగలేదు. చుక్‌చుక్‌మంటూ అదే జోరు. పైగా హుషారుగా ఒక కూత.

"జన్మంతా ఇంజన్లు నడిపాను గానీ, నిలబడి పరిగెత్తే ఇంజన్ని ఇప్పుడే చూస్తున్నాను!" అన్నారు సాల్మన్‌గారు.

హాలు గొల్లుమంది. అచ్యుతానికి తల కొట్టేసినట్టయింది. ఆ కంగారులో నోరు జారాడు.

"చప్పుడు పని నాది కాదండీ. మా ముకుందం చేశాడు. నేను వద్దంటూనే ఉన్నాను, వింటేనా!"

ముకుందం చటుక్కున తలెత్తాడు. ఒక్క మాట అంటే చాలు, నిజం బయటపడేది. కానీ అక్క మొగుడు అందరిలో చులకనైపోతాడని ఆ మాట మింగేశాడు. వంగి పువ్వు తీసి, స్విచ్చి నొక్కి చప్పుడు ఆపాడు.

సాల్మన్‌గారి నవ్వు తగ్గింది. "నీది నికార్సయిన పని అనుకున్నానయ్యా," అన్నారు ముకుందంతో. "గది సంగతి తర్వాత చూద్దాంలే."

ఆ రాత్రి అచ్యుతం భార్య సుభద్ర అన్నం వడ్డిస్తూ అంది. "వాడు అంత నాసిరకం పని చేశాడంటే నమ్మలేకపోతున్నానండీ. చిన్నప్పుడు గాలిపటం తోక కూడా కొలిచి కట్టేవాడు. అయినా నలుగురిలో మీ పరువు తీశాడు. రేపు వెళ్ళి నాలుగు చీవాట్లు పెట్టి వస్తాను."

అచ్యుతం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "వద్దులే," అని మాత్రం అన్నాడు. కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

తెల్లవారగానే ముకుందం వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"బావగారూ, మీ స్క్రూడ్రైవర్లు నా దగ్గరే ఉండిపోయాయి. తీసుకోండి."

ఏనాడూ 'గారూ' అనని మనిషి. తిట్టినా అచ్యుతానికి అంత సిగ్గు వేసేది కాదు. ముందు భార్యను పిలిచి, ముకుందం ఎదుటే జరిగింది చెప్పాడు. సుభద్ర కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అచ్యుతం బావమరిది చెయ్యి పట్టుకుని క్లబ్బుకు తీసుకెళ్ళాడు.

"అయ్యా, నిన్న నేను అబద్ధమాడాను," అన్నాడు సాల్మన్‌గారితో, అందరూ వింటుండగా. "సరైన దారి చెప్పినవాడు వీడు. బద్ధకించినవాణ్ణి నేను. నింద వీడి మీద వేశాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండునని అచ్యుతానికి అనిపించింది.

"డ్రైవరు తన తప్పు ఇంజను పొయ్యి చూసే ఫైర్‌మన్ మీద వేస్తే," అన్నారు సాల్మన్‌గారు, "ఆ ఫైర్‌మన్ మర్నాడు బొగ్గు వేస్తాడు. మొహం మాత్రం చూడడు." ఆ వెంటనే జేబులోంచి గది తాళంచెవి తీసి ముకుందం చేతిలో పెట్టారు. "నిన్ను అడగకుండా మాట వెనక్కి తీసుకోవడం నా పొరపాటయ్యా," అన్నారు.

ఆ రోజంతా అచ్యుతం ఇంజన్ని చప్పుడు లేకుండా నడిపాడు. వచ్చిన ప్రతి పిల్లా "కూత ఏదండీ?" అని అడిగేది. "దీనిచేత దొంగ కూత కూయించానమ్మా, అందుకే తీసేశాను," అని ప్రతిసారీ తలవంచుకుని చెప్పాడు.

ప్రదర్శన అయ్యాక చక్రాలన్నీ తానే విప్పాడు. ముకుందం చెప్పినట్టల్లా అయస్కాంతం అంటించాడు. చివర్న ఒక బంతిపువ్వు తెచ్చి పట్టా మీద పెట్టాడు. ఇంజను ఆగింది. చప్పుడూ ఆగింది. పొయ్యిలో వెలుగు కూడా సన్నబడింది.

ముకుందం వంగి ఆగిన చక్రాన్ని వేలితో తాకాడు. "ఇప్పుడు బుద్ధిగా నోరు మూసుకుంది బావా," అన్నాడు మెల్లగా.

చెయ్యని పనికి చప్పుడు చేసేవాడు నవ్వులపాలవుతాడు. తన తప్పును పక్కవాడి మీదకు తోసేవాడు ఎవరికీ పట్టుబడకపోయినా తలెత్తుకుని బతకలేడు.