నువ్వుల ముద్ద రంగు

విశాలాక్షమ్మ గారి దగ్గర వైద్యం నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడూ మొదటిరోజు నువ్వులు నూరవలసిందే. ఆవిడ ఆయుర్వేద కళాశాలలో చాలాకాలం రోగనిదానం బోధించి, పదవీ విరమణ చేశాక తెనాలిలో సొంత ఇంటి వరండాలోనే పొద్దుటిపూట రోగులను చూసేవారు. కొత్త శిష్యుడు వచ్చి నమస్కారం పెట్టగానే, మందులు నూరే నల్లరాతి కల్వాన్ని అతని ముందుకు జరిపి, అందులో పొట్టు తీసిన నువ్వులు గుప్పెడు వేసి, కాసిని నీళ్ళు చిలకరించి, "మెత్తగా నూరు" అనేవారు. నూరడం అయ్యాక "ఏ రంగు?" అని అడిగేవారు. తెలుపని ఒకడు, బూడిద కలిసిన తెలుపని ఒకడు, తడిసిన గోడ రంగని ఒకడు చెప్పేవాడు. దేనికీ ఔననీ కాదనీ అనకుండా, "బాగా చూసుకో. చూసుకుని కడిగి బోర్లించు" అని లోపలికి వెళ్ళిపోయేవారు. ఎందుకో ఆవిడ ఎన్నడూ చెప్పలేదు. అది ఓపికకు పరీక్ష అని పాత శిష్యులు కొత్తవాళ్ళకు చెప్పేవారు. మనలోని అహంకారాన్ని నూరడమే దాని అంతరార్థమని ఒక భక్తుడు వ్యాఖ్యానం చేశాడు. పచ్చడి నూరే మనిషి దొరక్క అని ఇంకొకడు నవ్వాడు.

లోకనాథం తన వంతు వచ్చినప్పుడు నవ్వలేదు. లోపల్లోపల మండిపడ్డాడు. అతనికి పాతికేళ్ళు. పట్టా చేతికొచ్చి ఏడాది కాలేదు గాని, సమాజాన్ని మార్చే పుస్తకాలలో అతను చదవనిది అరుదు. ప్రశ్నించనివాడు బానిస అని అద్దె గది గోడమీద బొగ్గుతో రాసుకుని, దాని కిందే పడుకునేవాడు. గురువు ఇంట్లో శిష్యుడు నువ్వులు నూరడం భూస్వామ్య వ్యవస్థ మిగిల్చిన వెట్టిచాకిరీ అని అతను తేల్చేశాడు. తేల్చి కూడా నూరాడు. ఎందుకంటే రోగి చెప్పని నొప్పిని ఆవిడ వేలితో వెతికి పట్టుకోవడం కళాశాలలో కళ్ళారా చూసినవాడు. ఆ ఇంటి పద్ధతి మీద ఉన్న కోపం కంటే ఆ విద్య మీద ఉన్న మోహం అతనిలో పిసరంత ఎక్కువ.

ఒక మధ్యాహ్నం రోగులందరూ వెళ్ళిపోయాక, శొంఠి నూరుతూ నూరుతూ ఆపి, చాలా రోజులుగా గొంతులో పెట్టుకున్న ప్రశ్న అడిగేశాడు.

"మేడం, స్రోతస్సులు ఎక్కడున్నాయి? దేహమంతా దారులేనని మన శాస్త్రం అంటుంది. అన్నరసం, రక్తం, చెమట అన్నీ ఆ దారులవెంటే నడుస్తాయట. దారి మూసుకుంటే ఒక రోగం, పొంగితే ఒక రోగం, పక్కదారి పడితే ఇంకొక రోగం. వినడానికి బాగుంది. కాని నేను శవాన్ని కోసి చూశాను. రక్తనాళాలు ఉన్నాయి, పేగు ఉంది, పిత్తనాళం ఉంది. అల్లోపతీ వాళ్ళు ప్రతి గొట్టానికీ కొలత వేసి బొమ్మ గీశారు. మనవాళ్ళేమో మనసు కూడా ఒక దారిలో నడుస్తుందన్నారు. ఆ దారి నాకు శవంలో దొరకలేదు. ఉంటే చూపించండి. లేకపోతే లేదని చెప్పే ధైర్యం మనమే చేద్దాం. చూపించలేని సత్యం పూజారి సొత్తు."

ఆఖరి వాక్యం అతనిది కాదు, ఎక్కడో చదివినది. విశాలాక్షమ్మ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ అంతా విన్నారు.

"మాటలు మెత్తగా నూరుకున్నావు, లోకం. ముందు ఆ కల్వం కడుగు. శొంఠి ఆరితే వదలదు" అన్నారు.

మర్నాడు పొద్దున ఆవిడ తలంటుకుంటున్న వేళకు నాగరత్నం వచ్చింది. బస్టాండు వెనక ఇడ్లీ బండి నడిపే మనిషి. వెంట మరిది కోటయ్య ఉన్నాడు. నాగరత్నం కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. చేతుల నిండా గోళ్ళ గీరలు. లోకనాథం బల్ల ముందు కూర్చోబెట్టి నాడి చూశాడు, నాలుక చూశాడు, గోళ్ళు వత్తి చూశాడు. ఆకలి అడిగాడు. మూత్రం రంగు అడిగితే, డికాక్షన్ లాగా ఉందని ఆవిడే చెప్పింది. ఇన్నాళ్ళూ ఏం చేశారంటే, పక్క ఊళ్ళో పసరు తాగామని కోటయ్య చెప్పాడు. పసరు అన్న మాట వినగానే లోకనాథానికి ఒళ్ళు మండిపోయింది.

"ఏ ఆకో తెలీదు, ఎంత తాగాలో తెలీదు, ఎవడో ఇస్తే కళ్ళు మూసుకుని తాగేస్తారు. మూఢత్వానికి మొదటి బలి ఎప్పుడూ పేదవాడే."

"నిజమే బాబూ. అయినా అందరికీ తగ్గిందన్నారు" అంది నాగరత్నం, మోచెయ్యి గోక్కుంటూ.

అక్కడ అడగవలసిన మాట ఇంకొకటి ఉంది. అది లోకనాథానికి తెలుసు. విరేచనం ఏ రంగులో అవుతోంది అని. ఆ మాట నోటిదాకా వచ్చింది. తల్లి వయసు మనిషి, పక్కన మరిది, వాకిట్లో ఇంకా నలుగురు రోగులు. అతను కాగితాల పొట్లాలు అందుకున్నాడు. పచ్చకామెర్లకు వాడుకగా ఇచ్చే నేలఉసిరి చూర్ణం, కటుకరోహిణి కట్టి ఇచ్చి, కారం మానమని చెప్పి పంపేశాడు.

విశాలాక్షమ్మ గారు తల తుడుచుకుంటూ వచ్చి, ఎవరొచ్చారని అడిగారు. లోకనాథం చెప్పాడు. కామెర్ల మనిషి అనగానే ఆవిడ తువ్వాలు ఆగిపోయింది.

"ఏ రంగు?"

"కళ్ళు బాగా పచ్చగా..."

"కళ్ళ సంగతి అడగలేదు."

లోకనాథం నేల చూశాడు. ఆవిడ తడి జుట్టు అలాగే ముడేసుకుని, మిగతా రోగులను కాసేపు కూర్చోమని చెప్పి, చెప్పులు వేసుకున్నారు. ఇద్దరూ ఆటోలో బస్టాండు వైపు బయలుదేరారు. దారిలో అతనే అన్నాడు:

"అడుగుదామనుకున్నాను మేడం. నోటిదాకా వచ్చింది. మరిది పక్కనే ఉన్నాడు."

ఆవిడ ఆటో అతనికి బస్టాండు వెనక సందు చూపించారు.

నాగరత్నం గుమ్మంలో కూర్చుని దువ్వెనతో వీపు గోక్కుంటోంది. డాక్టరమ్మే ఇంటికి వచ్చేసరికి కంగారుపడి లేవబోయింది. విశాలాక్షమ్మ గారు ఆవిడ భుజం పట్టి కూర్చోబెట్టి, తాను కూడా ఆ గుమ్మంలోనే చతికిలబడ్డారు.

"కోటయ్యా, దాహంగా ఉంది. సోడా పట్టుకురా నాయనా" అన్నారు. అతను సందు మలుపు తిరిగేదాకా ఆగి, ఇడ్లీ పిండి పులిసిందా అని అడిగినంత తేలిగ్గా అడిగారు: "రత్నం, దొడ్డికెళ్తే ఏ రంగులో అవుతోందే?"

నాగరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏం మాటలమ్మా ఇవి, ఆ కుర్ర డాక్టరు ముందు."

"ఆ కుర్ర డాక్టరు కోసమే అడుగుతున్నా. చెప్పు."

"తెల్లగా అవుతోందమ్మా. రోజూ అంతే. పసరు ఇచ్చినాయన, పచ్చదనమంతా కడుక్కుపోయింది, మందు పట్టింది అన్నాడు. నేనూ సంతోషపడ్డా. ఈ దురదొక్కటే, తగ్గితే బండి పెట్టుకోవచ్చని."

"ఇవాళ వెళ్ళావా?"

"ఇందాకే. కుళాయి రాలేదు, మరిది నీళ్ళు తెచ్చాక పోద్దామని..."

విశాలాక్షమ్మ గారు లోకనాథం వైపు చూశారు. "వెళ్ళి చూసిరా."

అతను పెరట్లో మరుగుదొడ్డికి వెళ్ళాడు. తడికె తలుపు తీసి, ముక్కు మూసుకోబోయి, చెయ్యి సగంలో ఆపేశాడు. చూస్తున్నది అతనికి తెలిసిన రంగు. తెలుపు కాదు, బూడిద కాదు, రెండూ కలిసిన, జీవం లేని జిడ్డు రంగు. తన చేత్తో నూరి, చిరాకుగా చూసి, కడిగి బోర్లించిన ముద్ద. పిత్తం దిగే దారి మూసుకుపోతే విరేచనం నూరిన నువ్వుల ముద్దలా అవుతుందని పాఠంలో చదివాడు, అప్పజెప్పాడు, మార్కులు తెచ్చుకున్నాడు. మొదటిరోజు కల్వంలో తాను చూసింది ఆ వాక్యాన్నేనని అప్పుడు తట్టలేదు. ఆ వాక్యం మొదట ఎవరు చెప్పారో అతనికి తెలియదు. స్కానింగు లేదు, సూక్ష్మదర్శిని లేదు, రక్తపరీక్ష లేదు. ఎవడో ఒక మనిషి ఇలాగే ఒక రోగి పెరట్లో నిలబడి, అందరూ ముఖం తిప్పుకునే దాన్ని ముఖం తిప్పుకోకుండా చూశాడు. పిత్తం ఇక్కడికి చేరలేదు గనుక ఒంట్లోకి ఎగదన్నిందని ఊహించాడు. తరవాత రాబోయే వాళ్ళెవరూ పొరబడకూడదని, ప్రతి ఇంట్లో దొరికే గింజతో పోలిక చెప్పి పోయాడు. లోకనాథం చదివిన విప్లవ గ్రంథాలలో ఇంత నిర్భయమైన చూపు అతనికి తారసపడలేదు. పాండిత్యం పల్లకీలో పుట్టలేదు, పెరట్లో పుట్టింది అనుకున్నాడు. ఈ మాట మాత్రం ఎక్కడా చదివినది కాదు.

బయటికి వచ్చి, "నువ్వుల ముద్ద మేడం" అన్నాడు.

"ఊఁ. మనం ఇచ్చిన పొట్లాలు వెనక్కి తీసుకో. రత్నం, చీర మార్చుకో. గుంటూరు ఆసుపత్రికి వెళ్తున్నాం."

లోకనాథంలో నిప్పు మళ్ళీ రాజుకుంది. ఈసారి గాలి ఎదుటివైపు నుంచి వీచింది. ఆవిణ్ణి పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అన్నాడు: "ఎందుకు మేడం? దారి మూసుకుందని మనవాళ్ళే చెప్పారు. మూసుకున్న దారి తెరవడానికి మందులూ మనవాళ్ళే చెప్పారు. మిరియం, పిప్పలి, శొంఠి. మనమే వైద్యం చేద్దాం. మనది ఇంత గొప్పది అయ్యుండి కూడా వాళ్ళ గుమ్మం ఎక్కడం దేనికి? తన విద్యను తానే నమ్మనివాణ్ణి లోకం ఎందుకు నమ్ముతుంది?"

"నిన్న లేదన్నావు, ఇవాళ గొప్పదంటున్నావు. ఒక్క రాత్రికే?" ఆవిడ నవ్వలేదు. "దారి మూసుకుందని మనకు తెలిసింది. ఏది మూసిందో తెలిసిందా? కఫమా, రాయా, పుండా? పిప్పలి పెట్టి రాయిని కరిగిస్తానని ఎదురుచూడనా? వణుకుతో జ్వరం మొదలైందంటే ఈ మనిషి మనకు దక్కదు. మన పెద్దవాళ్ళకు స్కానింగు యంత్రం ఉంటే, నీకంటే ముందు వాళ్ళే ఆటో ఎక్కేవాళ్ళు."

కోటయ్య సోడాలు పట్టుకుని వచ్చేసరికి వదిన ఆటోలో కూర్చుని ఉంది.

గుంటూరులో స్కానింగు గదిలో డాక్టరు తెర మీద వేలు పెట్టి చూపించాడు. పిత్తనాళం అడుగున రాయి ఒకటి అడ్డంగా కూర్చుంది. దానికి పైన నాళమంతా, లాకులు దించేసిన కాలువలాగా ఉబ్బిపోయి ఉంది. లోకనాథం ఆ తెరను రెప్ప వేయకుండా చూశాడు. ఏనాటిదో ఆ పెరటి మనిషి మనసులో గీసుకున్న బొమ్మ, గీత తప్పకుండా ఎదురుగా వెలుగుతోంది. నాళాన్ని కొలిచిన యంత్రం మీద అతనికి గౌరవం కలిగింది. యంత్రం పుట్టకముందే ఆ అడ్డంకిని పట్టుకున్న చూపు మీద భక్తి కలిగింది. భక్తి అన్న పదం అతని నిఘంటువులో అంతకుముందు లేదు.

"మంచి సమయానికి తెచ్చారమ్మా. ఇంకాస్త ఆగితే చీము పట్టేది. పేపర్లేం లేవు, స్కానింగు కాకుండానే ఎలా చెప్పగలిగారు?" అని అడిగాడు ఆ డాక్టరు.

"ఆవిడే చెప్పింది. మేం అడిగాం, అంతే" అన్నారు విశాలాక్షమ్మ గారు. లోకనాథం ఆ 'మేం' విని చెవులు వేడెక్కి, తలుపు వైపు తిరిగాడు.

కడుపు కోయకుండానే, నోట్లోంచి గొట్టం పంపి రాయి తీసేశారు. కొన్నాళ్ళకు ఒక ఉదయం కోటయ్య సైకిలు మీద వచ్చి, గేటు దగ్గరే నిలబడిపోయాడు. చేతిలో ఇడ్లీ పొట్లం ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఏం లేదమ్మగారూ. వదిన ఒక మాట చెప్పి రమ్మంది." అతను సైకిలు గంటను రెండుసార్లు ఊరికే తిప్పాడు. "రంగు వచ్చిందట. అలా చెప్తే మీకు అర్థమవుతుందంది."

"అర్థమైంది నాయనా. దురద?"

"పోయిందమ్మా. బండి పెట్టేసింది. ఇవి మొదటి వాయి ఇడ్లీలు." పొట్లం గోడ మీద పెట్టి, ఇంకెవరూ ఇంకేమీ అడగకముందే వెళ్ళిపోయాడు.

ఆ రోజు కొత్త శిష్యురాలు ఒకమ్మాయి వచ్చింది. విశాలాక్షమ్మ గారు కల్వం వైపు చూసేలోపే లోకనాథం లేచి, దాన్ని ఆ అమ్మాయి ముందు పెట్టి, నువ్వులు వేసి, నీళ్ళు చిలకరించాడు. ఎందుకండీ అని ఆ అమ్మాయి అడిగితే, ప్రశ్నించనివాడు బానిస అని గోడమీద రాసుకున్న ఆ మనిషి, "నూరండి. రంగు బాగా చూసుకోండి" అని మాత్రం అన్నాడు.

కాని ఊరుకునే స్వభావం కాదు అతనిది. మధ్యాహ్నం ఇడ్లీలు పంచుకుని తిన్నాక, చెయ్యి కడుక్కుంటూ మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఒక్కమాట, మేడం. నాగరత్నం గారి విషయంలో మన శాస్త్రానికి చేతులెత్తి మొక్కుతాను. కాని నేను అడిగినదానికి అది జవాబు కాదు. పిత్తనాళం శవంలోనూ కనబడుతుంది, తెర మీదా కనబడుతుంది. దాన్ని నేను లేదనలేదు. శవంలో దొరకని దారుల సంగతి అడిగాను. మనసు నడుస్తుందన్న దారి సంగతి అడిగాను. దాన్ని మీరు చూపించలేదు."

విశాలాక్షమ్మ గారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. ఈసారి కల్వం కడగమనలేదు.

"ఆ రోజు రత్నాన్ని అడగవలసిన మాట నీ నోటిదాకా వచ్చి ఆగిపోయిందన్నావు కదా. ఏ నాళంలో ఆగింది నాయనా?"