పెట్టెకి చెవి ఆనించిన పిల్ల

ఎవరైనా “పిల్లలు” అని మొదలుపెట్టి ఏదైనా అడిగితే గవరయ్య మాస్టారు సమాధానం చెప్పరు. “పిల్లలంటే నాకు తెలీదు, ఒక పేరు చెప్పు” అంటారు. ఉద్యోగం మానేసి ఎంతో కాలమైనా ఆ అలవాటు మాత్రం పోలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం హేమలత ఆయన దగ్గరికి వచ్చింది. ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు సముద్రపొడ్డున ఆయన పనిచేసిన బళ్ళోనే ఏడో తరగతికి లెక్కలు చెబుతోంది.

“మాస్టారూ, పుస్తకాలన్నీ ఇంగ్లీషులోకి వచ్చేశాయి. లెక్కలో ఉన్న మాటే తెలియకపోతే లెక్క ఏం చేస్తారు? రోజూ బోర్డు నిండా మాటలు రాసి, అర్థాలు వల్లె వేయిస్తున్నాను. తెల్లారేసరికి ఒక్కటీ మిగలదు. పిల్లలకి ఆ మాటలు ఎలా ఎక్కించమంటారు?”

“ఒక పేరు చెప్పు.”

హేమలత కాస్త తటపటాయించి, “నూకరత్నం” అంది.

ఆ పేరు వెనక జరిగింది ఇది. హేమలత సుద్దముక్కల ఖాళీ పెట్టె ఒకటి ఆ పిల్ల చేతికిచ్చి, దీని వాల్యూమ్ ఎంతో చెప్పమంది. నూకరత్నం పెట్టెను అటూ ఇటూ తిప్పి, చెవికి ఆనించుకుని శ్రద్ధగా విని, “ఏం వినపడట్లేదండి” అంది. ఇంట్లో టీవీకి ఉండేదే ఆ పిల్లకి తెలిసిన వాల్యూమ్. క్లాసంతా పగలబడి నవ్వింది. హేమలతకీ నవ్వు ఆగలేదు. అప్పటినుంచి ఆ పిల్ల పేరు రేడియో అయింది. “ఏమే రేడియో, స్టేషన్ దొరికిందా?” అని అదే క్లాసులోని సత్తిబాబు దారికాచి అడిగేవాడు. నూకరత్నం నోరు విప్పడం మానేసింది. ఇవాళ వాళ్ళమ్మ పైడమ్మ వచ్చి, “మా పిల్లకి ఇంగిలీషు ఎక్కట్లేదంటండి. సోమారం నుంచి నాతో రొయ్యల షెడ్డుకి తీసుకుపోతానండి” అని చెప్పి వెళ్ళింది.

మాట తెలియనివాణ్ణి చూసి నవ్వడానికి బడి ఎందుకు? ఆ పని లోకం ఊరికే చేసిపెడుతుంది. పేదింట్లో నోరు మూతపడ్డ పిల్ల ఎంత త్వరగా పనిలోకి పోతుందో ఆ ఇళ్ళల్లో పుట్టినవాళ్ళనడగాలి. చేతిలో పని పడ్డాక బడి మళ్ళీ పిలిచినా వినపడదు.

అంతా విని గవరయ్య మాస్టారు, “రేపు నేనొస్తాను” అన్నారు, అంతే.

శనివారం మధ్యాహ్నం సముద్రం మీద మబ్బు కమ్మింది. గదిలో వెలుతురు నీళ్ళ అడుగున ఉన్నట్టు పచ్చగా, నెమ్మదిగా కదులుతోంది. మాస్టారు క్లాసులోకి వచ్చారు. బల్ల మీదున్న సుద్దముక్కల పెట్టె తీసి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. నవ్వబోయిన సత్తిబాబు ఆ తెల్లజుట్టు చూసి ఆగిపోయాడు. మాస్టారు పెట్టెను వేలితో తట్టారు. విన్నారు. తర్వాత పక్కనున్న టిఫిన్ డబ్బా తీసి తట్టి విన్నారు.

కాసేపటికి ఒకడు తన నీళ్ళ సీసా చెవికి పెట్టుకున్నాడు. ఇంకొకతె కంపాస్ బాక్సు. ఇంకాసేపటికి గదంతా ఏదో ఒకటి చెవికి ఆనించుకుని, మెల్లగా తడుతూ, అరమూత కళ్ళతో ఉంది. బయట కెరటాల చప్పుడు, లోపల డబ్బాల చప్పుడు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయాయి. బడి ఒడ్డు వదిలి కొంచెం దూరం తేలిపోయినట్టే అనిపించింది హేమలతకి.

వెనక బెంచీలో నూకరత్నం ఒక్కతే ఏమీ ముట్టుకోలేదు. చాలాసేపు అందరినీ చూసింది. ఆ తర్వాత లేచి, మూలన ఖాళీగా ఉన్న తాగునీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళి, దాన్ని వాటేసుకుని చెవి ఆనించింది. అరచేత్తో ఒక్కసారి తట్టింది. ఆ మోత లావుగా, నింపాదిగా లేచి, గదంతా తిరిగి సద్దుమణిగింది.

“ఇందులో చాలా ఉందండి” అంది నూకరత్నం.

“ఏం ఉందమ్మా?” అన్నారు మాస్టారు.

“చోటండి.”

“ఆ చోటుకి మీ పుస్తకంలో ఒక పేరుంది.”

ఆ పిల్ల పెదవులు కదిలాయి. సత్తిబాబు వైపు చూసింది. ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కూడదీసుకోవాల్సి వచ్చిందో ఆ పిల్లకే తెలియాలి. “వాల్యూమ్ అండి.”

“అది సౌండ్ కదండీ?” అన్నాడు సత్తిబాబు.

“టీవీలోది సౌండు. ఇది లోపల పట్టే చోటు” అంది నూకరత్నం, వాడికేసి తిరిగి.

“మరి నీళ్ళు నింపితే చోటు పోయింది కదా” అన్నారు మాస్టారు. “వాల్యూమ్ కూడా పోయినట్టేనా?”

నూకరత్నం డ్రమ్ముని పట్టుకునే ఆలోచించింది. ఎవరూ తొందరపెట్టలేదు. “ఎక్కడికి పోద్దండి? నీళ్ళు అందులో కూర్చుంటాయి. అది అంతే ఉంటది.”

బడి వదిలేసరికి పైడమ్మ గేటు దగ్గర ఉంది, పిల్ల పేరు రిజిస్టర్లోంచి కొట్టించేసి పోదామని. షెడ్డు పనయ్యాక చేపలమ్ముకొచ్చిన పెద్ద సత్తు గిన్నె ఇంకా నెత్తినే ఉంది. నూకరత్నం పరుగున వెళ్ళి, ఆ గిన్నె కిందికి దింపించి, చేతులు తిప్పుతూ ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ఎన్నో రోజులుగా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారే బయటికొస్తున్నట్టుంది.

“ఉండవే, నాకు ఇంగిలీషు ఏం తెలుసు? మెల్లిగా చెప్పు” అంటోంది పైడమ్మ. “సోమారం సంగతి తర్వాత చూద్దాం. ఏదీ, వాలూ... ఏటన్నావు?”

హేమలత ఉండబట్టలేక అటు కదిలింది. పిల్లని బడికి పంపిస్తానని ఆవిడ నోటితో ఒక్కమాట అనిపిద్దామని.

గవరయ్య మాస్టారు చెయ్యి అడ్డుపెట్టారు.

“ఆగమ్మా. క్లాసు జరుగుతోంది.”